నాలుగో బండి వాటా నీళ్ళు

శ్రావణ బహుళ దశమి

నాలుగో నంబరు ఎక్స్‌కవేటర్ మళ్ళీ అదే కోడ్ చూపించింది. నూటపది, రెండు.

మొదటి సంఖ్య ఏ అవయవమో చెబుతుంది, రెండోది దానికి ఏమైందో. నూటపది అంటే ఇంజన్ నీళ్ళ వేడి కొలిచే సెన్సర్. రెండు అంటే అది చెప్పేది నమ్మేలా లేదని. బండి నడిచేకొద్దీ ఇంజన్ ఆయిల్ వేడీ నీళ్ళ వేడీ ఇంచుమించు కలిసి పెరగాలి. నాలుగులో నీళ్ళ వేడి చాలాసేపు కదలదు, తర్వాత ఒక్కసారి ఎగబాకుతుంది. కంప్యూటర్‌కి అది అబద్ధంలా కనబడుతుంది.

కోడ్ చదివే రీడర్ తగిలించి దాన్ని తుడిచాను. డ్రైవర్ దాలయ్య పక్కనే నిలబడి చూశాడు.

"పోనాదేటమ్మా?"

"పోయింది దాలయ్యగారూ. మళ్ళీ వస్తే సెన్సర్ మారుస్తాను."

"ఈ గట్టు మీద నన్ను గారూ అనీది నువ్వొక్కర్తివే. నువ్వలగంటే ఎనక్కి తిరిగి ఎవుడొచ్చేడా అని సూసుకుంటన్నాను."

నాకు నవ్వు వచ్చింది. రీడర్ తీగ చుట్టుకుంటూ ఉండిపోయాను.

ఉన్న బండ్లలో, సముద్రపు గట్టుకి పడిన గండి మధ్యదాకా చెయ్యి చాపి రాయి వెయ్యగలిగింది నాలుగొక్కటే. ఏడాదిలో అన్నిటికన్నా పెద్దదైన భాద్రపద పున్నమి పోటుకి ముందు గండి మూయాలి. లేకపోతే గట్టు వెనక పల్లంలో ఉన్న మా క్యాంపు మిగలదు. కాన్వెంటులో ఉన్నప్పుడు నేను తారీఖులు రాసేదాన్ని. ఇక్కడ పోటు తిథిని బట్టి వస్తుంది కనక నేనూ తిథులే రాస్తున్నాను.

శ్రావణ బహుళ ద్వాదశి

కొండ ట్యాంకర్ వచ్చింది. ముందు బండ్లు తాగాయి. ఇక్కడ పద్ధతి అది. కొండ మీద ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు ఇంజన్లకి క్యాన్లతో ఇస్తారు. మనుషులకి రోజుకో గ్లాసు చొప్పున వారానికి ఒక సీసా. మిగతా దాహానికి ఊటబావి ఉంది. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కొన్నాళ్ళకి నాలుకకి తెలియడం మానేస్తుంది, మూత్రపిండాలకి తెలుస్తూనే ఉంటుంది.

దీని గురించి ఎవరైనా గొణిగితే సూపర్వైజర్ జగ్గారావుగారిది ఒకటే జవాబు. "మనుషులు ఇంకా పుడుతున్నారు కదయ్యా. ఇంజన్లు పుట్టటం లేదు."

కోడ్ మళ్ళీ వచ్చింది. పాత బండ్ల దొడ్డిలో ఒక సెన్సర్ దొరికితే తెచ్చి మార్చాను. ఇంజన్ నీళ్ళ సంగతి చూసేటప్పుడు మొదట రేడియేటర్ మూత తీసి లోపలికి చూడాలని పుస్తకంలో ఉంది. ఇక్కడ ఎవరి బండి మూత ఆ డ్రైవరే తియ్యాలి. ఇంకొకరు చెయ్యి వేస్తే అతను బండిని సరిగ్గా చూసుకోవడం లేదని నలుగురిలో అన్నట్టే. నాకు ముందు ఉన్న మెకానిక్ ఒకసారి తీశాడట, ఆ డ్రైవరు అతనితో మళ్ళీ మాట్లాడలేదట. నేను మూత జోలికి వెళ్ళలేదు. ఇంజన్ పక్కనుంచి సెన్సర్ విప్పాను.

విప్పినప్పుడు కారిన నీళ్ళని దాలయ్య బేసిన్‌లో పట్టాడు. పాత సెన్సర్‌ని తన తువ్వాలుతో శుభ్రంగా తుడిచి నా చేతికిచ్చాడు. మర్యాద అనుకున్నాను.

శ్రావణ అమావాస్య

దాలయ్య అక్క కన్నమ్మని చూడటానికి వెళ్ళాను. అందరూ ఆమెని అప్ప అంటారు. తల్లి పోయాక దాలయ్యని పెంచింది ఆమే. పోయిన ఏడాది వరకూ క్యాంపు వంటశాల ఆమెదే. నేను కొత్తగా వచ్చినప్పుడు వరుసలో వెనకబడి అన్నం అయిపోయేదాకా నిలబడేదాన్ని. అది చూసి ఆమె నాకోసం ఒక పళ్ళెం మూతపెట్టి ఉంచడం మొదలుపెట్టింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు కాళ్ళు బాగా వాచాయి. మొహం కూడా. నా సీసా నేను పట్టుకెళ్ళాను. ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా ఎవరి సీసా వాళ్ళదే. అన్నం అడగొచ్చు, నీళ్ళు మాత్రం ఎవరూ అడగరు.

"రా అగ్నేసూ. ఇంకా అలగే ఉన్నావు, పుల్లనాగ. పొస్తకాలు తింతన్నావేటి?"

"బాగానే తింటున్నాను అప్పా. మీకెలా ఉంది?"

"నాకేటి. కాళ్ళు సూడు, జమీందారు బార్యనాగ ఎలగున్నాయో. డాట్రు బాబు ఊటనీళ్ళు ముట్టుకోవద్దన్నాడు. మంచినీళ్ళే తాగాలంట. తాగితే ఇంకొన్నేళ్ళు ఉంతాదీ ముసిల్ది అన్నాడు."

మంచం కింద మూతపెట్టిన కుండ ఉంది. ఆమె గ్లాసు ముంచి తాగింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. నేను చూడనట్టు గోడకేసి చూశాను. ఆమె గ్లాసు బోర్లించి అంది.

"మా దాలిగాడు తెత్తాడు. ఎక్కడివని నానడగను. అడిగితే తాగనేను."

భాద్రపద శుద్ధ తదియ

కొత్త సెన్సర్ పెట్టినా నూటపది, రెండు. తీగ మొత్తం తడిమి చూశాను. ప్లగ్గులో తుప్పు లేదు. తీగ ఎక్కడా ఒరుసుకోలేదు. కంప్యూటర్ నుంచి అయిదు వోల్టులు సరిగ్గానే వస్తున్నాయి.

జగ్గారావుగారు వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"ఏమ్మా, కాన్వెంటు చదువు ఏమంటోంది?"

"సెన్సర్ బాగానే ఉందండీ. తీగా బాగుంది."

"అయితే ఎందుకు అరుస్తోంది?"

"తెలీదండీ."

"తెలీదని కూడా ఎంత మర్యాదగా చెబుతావో. పున్నమి నీ మర్యాద చూసి ఆగదు తల్లీ."

దాలయ్య భోజనానికి వెళ్ళిన సమయంలో సెన్సర్ మళ్ళీ విప్పాను. ఈసారి తువ్వాలుతో తుడిచేవాళ్ళు లేరు. మొన్న పెట్టినప్పుడు ఇత్తడి రంగులో మెరిసిన మొన మీద తెల్లటి పెచ్చు కట్టింది. సున్నం పూసినట్టు ఉంది. వేడి దాన్ని దాటుకుని లోపలికి రావడానికి ఆలస్యం అవుతోంది. సెన్సర్ అబద్ధం చెప్పలేదు. దానికి తెలియడమే ఆలస్యం.

ఏ లవణాన్నీ రుచి చూడకూడదని మాకు సైన్సు చెప్పిన సిస్టర్ ఫిలోమినా అనేవారు. నేను నాలుక చివర పెట్టుకున్నాను. ఉప్పు.

నాలుగో బండి ఊటబావి నీళ్ళు తాగుతోంది.

భాద్రపద శుద్ధ పంచమి

రెండు రోజులుగా ఒక వాక్యం తయారుచేసుకుంటున్నాను. దాలయ్య ఎదురుపడితే అది పోయింది. వేరే మాట వచ్చింది.

"మూత తియ్యనా దాలయ్యగారూ?"

కోపగించుకుంటాడనుకున్నాను.

"నువ్వెందుకు తీత్తావమ్మా. నానే తీత్తాను."

తీశాడు. లోపల నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయి. మూత అంచున తెల్లటి పొర పెచ్చులు కట్టింది.

"ఉగాది కాణ్ణించీ," అన్నాడు. "మా అప్పకి. ముందు సగమే తీసీవోణ్ణి. ఆ మీద కాళ్ళు మరింత వాసినాయి. ఇంక క్యానంతా అట్టుకెల్లిపోనాను. బండికేటవుద్దిలే, ఇనప్పది గదా అనుకున్నాను."

"జగ్గారావుగారికి..."

"సెప్పీ. సెప్పాలి గదా నువ్వు."

చెబితే అతని నీళ్ళకార్డు తీసేసి అక్కాతమ్ముళ్ళిద్దర్నీ క్యాంపు దాటిస్తారు. దాటించడమంటే ఊటబావి కూడా లేని చోటికి.

"రేడియేటర్ కడుగుదాం," అన్నాను.

భాద్రపద శుద్ధ సప్తమి

ఉప్పునీళ్ళు కట్టిన సున్నపు పొర వదలాలంటే పులుపు కావాలి. ఆమ్లం ఇక్కడ దొరకదు. వంటశాలలో పాత చింతపండు అడిగి తెచ్చి పెద్ద డేగిసాలో మరగబెట్టి, వడగట్టి, రేడియేటర్లో పోసి ఇంజన్ నడిపించాం. గట్టంతా చారు వాసన. మిగతా డ్రైవర్లు చుట్టూ మూగారు.

"ఒరే దాలిగా, పోపెయ్యడం మరిసిపోనావేటి?"

"బండికి జొరమొచ్చినాదిరా. మిరియాలు కూడా ఎయ్యమను అగ్నేసమ్మని," అన్నాడు ఇంకొకడు.

దాలయ్య నవ్వాడు. ఈ మధ్య అతను నవ్వగా చూడలేదు. కింద గొట్టం విప్పితే గోధుమరంగు నీళ్ళతోపాటు తెల్లటి పెచ్చులు పడ్డాయి. ఈ వారం క్యాను మొత్తం రేడియేటర్లో పోశాం. అప్ప కుండలోకి దాలయ్య సీసా, నా సీసా వెళ్ళాయి. వచ్చే వారం నుంచి క్యాను చెరిసగం అనుకున్నాం.

సాయంత్రానికి కోడ్ రాలేదు. చాలా సంతోషం వేసింది. ఎవరికీ చెప్పలేదు.

భాద్రపద శుద్ధ దశమి

నూటపది, సున్నా.

సున్నా అంటే సెన్సర్ మీద అనుమానం లేదు. ఇంజన్ నిజంగానే కాలిపోతోంది.

చింతపండు పెచ్చుల్ని ఊడదీసింది కానీ బయటికి పంపలేదు. అవి రేడియేటర్ సన్న గొట్టాల్లోకి పోయి అడ్డం పడ్డాయి. పొరగా ఉన్నప్పుడు నీళ్ళు దాని పక్కనుంచి పారేవి. ఇప్పుడు పారడానికి దారి లేదు. రేడియేటర్‌ని చేత్తో తడిమితే పైన కాలుతోంది, కింద చల్లగా ఉంది. కడుగుదామన్నది నేను. ముందే రేడియేటర్ విప్పి సన్న గొట్టాలు చూసి ఉండాల్సింది. పున్నమి దగ్గర పడిందని తొందరపడ్డాను. ఇప్పుడు పొడిచి తీద్దామంటే తుప్పుపట్టిన గొట్టాలు చిల్లులు పడతాయి.

ఇప్పుడు బండి కొద్దిసేపు పని చేసి, వేడెక్కగానే కంప్యూటర్ దాని బలం తగ్గించేస్తోంది. అప్పుడు బకెట్‌లో రాయి ఎత్తలేదు. చల్లారేదాకా ఆగి, మళ్ళీ కొంచెంసేపు. గండి సగం కూడా మూయలేదు. వేరే రేడియేటర్ కోసం దొడ్డంతా వెతికాను. ఉన్నవన్నీ చిల్లులే.

జగ్గారావుగారు ఈసారి వెక్కిరించలేదు. "కొండ ఆఫీసుని అడిగాను. పంపడానికి ఏమీ లేదన్నారు," అని వెళ్ళిపోయారు.

భాద్రపద శుద్ధ త్రయోదశి

దాలయ్య వర్క్‌షాపు గుమ్మంలో కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఆ ఏడి సెప్పీది నేకపోతే, బండి ఆగదు గదా?"

"ఆగదు."

"దాని నోరు మూయించగలవేటి?"

మూయించగలను. నీళ్ళ సెన్సర్ చోటా ఆయిల్ సెన్సర్ చోటా చెరో చిన్న రెసిస్టర్ పెడితే కంప్యూటర్‌కి ఎప్పుడూ ఎనభై అయిదు డిగ్రీలే కనబడుతుంది. ఇంజన్ కరిగిపోతున్నా ఎనభై అయిదే. అది అతనికి చెప్పాను.

"ఎంతసేపు నడుత్తాది?"

"గండి మూసేదాకా నడవొచ్చు. తర్వాత నడవదు. ఎప్పటికీ నడవదు."

అతను నేల మీద వేలితో గీతలు గీశాడు.

"బండి నేకపోతే బండి వాటా ఉండదు," అన్నాడు.

"ఉండదు."

"గండి మూయకపోతే మా అప్ప మంచం తేలతాది."

నేను పెట్టెలో వెతికి రెసిస్టర్లు బయటికి తీశాను.

"అయితే ఎట్టీ అమ్మా. రేపు పొద్దున్నే ఎట్టీ."

భాద్రపద పున్నమి

నిన్నంతా, ఇవాళ మధ్యాహ్నం దాకా నాలుగు ఆగకుండా పని చేసింది. తెర మీద ఎనభై అయిదు. ఇంజన్ మూత దగ్గర రంగు పొంగి బుడగలు లేచింది. ఇంధనంగా పోసే కానుగ నూనె మాడిన వాసన. నేను గట్టు మీద నిలబడి రీడర్ చూస్తూ ఉన్నాను. ఏ కోడూ లేదు. ఇన్నాళ్ళలో, కడిగిన వెంటనే తప్పితే, ఆ బండి మీద ఏ కోడూ లేని రోజులు ఈ రెండే.

పోటు ఎక్కడం మొదలైనప్పుడు గండిలో ఇంకా మనిషి దూరేంత సందు ఉంది. దాలయ్య బండిని ఇంకా ముందుకి, నీళ్ళలోకి దింపాడు. చివరి రాళ్ళు వేసి, బకెట్‌తో మట్టి తట్టాడు. అతనికి అలా తట్టడం అలవాటు, పసిపిల్లని జోకొట్టినట్టు. రెండుసార్లు తట్టాడు. మూడోసారి చెయ్యి పైకి లేచి అక్కడే ఉండిపోయింది. లోపల ఏదో విరిగిన చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. ఇంజన్ ఆగిపోయింది, అంతే.

సముద్రం గట్టు సగం దాకా వచ్చి ఆగింది. వెనక క్యాంపులో కేకలు వేసి పళ్ళాలు మోగించారు. దాలయ్య క్యాబిన్‌లోంచి దిగలేదు. నేను వెళ్ళి కింద నిలబడ్డాను.

"ఏడెంతుంది?" అని అడిగాడు.

"ఎనభై అయిదు."

తల ఊపాడు.

భాద్రపద బహుళ తదియ

ట్యాంకర్ వచ్చింది. ముందు బండ్లు తాగాయి. నాలుగు పేరు పిలవలేదు.

ఇంజన్ ఎందుకు పోయిందని జగ్గారావుగారు అడిగారు. రేడియేటర్ మూసుకుపోయిందని చెప్పాను. ఎందుకు మూసుకుపోయిందని అడగలేదు. గండి మూసుకుంది కనక ఆయనకి అది చాలు. దాలయ్యని రాళ్ళు మోసే ముఠాలో వేశారు.

అప్పకి ఇప్పుడు ఆమె సీసా, దాలయ్య సీసా, నా సీసా. మూడూ కలిపినా వారానికి సరిపోవు. ఇంకెవరినైనా అడుగుదామన్నాను.

"ఏటి, నీళ్ళా?" దాలయ్య నా వైపు వింతగా చూశాడు. "ఎవుల్ని ఎలగడుగుతామమ్మా? ఆలకి మాత్రం ఏటున్నాయి?"

నేనే అడుగుదామనుకున్నాను. పక్క రేకుల ఇంట్లో పోలమ్మ ఉంటుంది, నలుగురు పిల్లలు. గుమ్మం దాకా వెళ్ళాను. పోలమ్మ బియ్యం చెరుగుతోంది.

"ఏటమ్మా అగ్నేసూ, ఏటి కావాలి?"

"ఏం లేదండీ. ఊరికే."

"ఊరికే వచ్చీ మనిషివి కాదు గదే నువ్వు. అన్నం తిన్నావా?"

"తిన్నాను," అని వచ్చేశాను.

భాద్రపద బహుళ షష్ఠి

అప్ప ఊటనీళ్ళు తాగుతోంది. మా సీసాల్లో నీళ్ళు మిగిల్చి, దాచి, మేము వెళ్ళినప్పుడు మాకే పోస్తోంది.

"తాగు. ఎండలో తిరిగొచ్చేవు."

"ఇవి మీకోసం అప్పా."

"నాకు ఇయ్యే బాగున్నాయి. కొండనీళ్ళు సప్పగుంతాయి, రుసే నేదు." మాట్లాడటానికి ఆయాసపడుతోంది. "నాలుగోది పోనాదంట గదా. ఇన్నాను."

"పోయింది."

"మంచి బండి," అంది. కళ్ళు మూసుకుంది. "నానడగకుండా ఉండిపోనాను సూడు. అడగాల్సింది."

భాద్రపద బహుళ నవమి

అప్ప తెల్లవారుతూ పోయింది.

నేను వెళ్ళేసరికి దాలయ్య గుమ్మం బయట కూర్చుని ఉన్నాడు. లోపల పోలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఆమె జుట్టు విప్పుతున్నారు. స్నానం చేయించాలి. ఎవరో ఖాళీ డ్రమ్ము దొర్లించుకొచ్చి వాకిట్లో నిలబెట్టారు. ఊటబావి నుంచి తోడి తెస్తారనుకున్నాను.

మొదట పోలమ్మ కూతురు వచ్చింది. చేతిలో గ్లాసు. డ్రమ్ములో పోసి పక్కకి నిలబడింది. తర్వాత రెండో బండి డ్రైవరు, అతని భార్య. చెరో గ్లాసు. వంటశాల వాళ్ళు. రాళ్ళ ముఠా వాళ్ళు. ఆఖరి స్నానానికి ఉప్పునీళ్ళు పోయకూడదట. క్యాంపులో ఎవరు పోయినా మనిషికో గ్లాసు మంచినీళ్ళు తెచ్చి పోయాలట. నేను వచ్చాక ఇక్కడ ఎవరూ పోలేదు. నాకు తెలియదు.

వరుస గట్టుదాకా ఉంది. జగ్గారావుగారు కూడా చెప్పులు విడిచి, సీసా తెచ్చి, ఒక గ్లాసు కొలిచి పోశారు. ఒక ముసలాయన చేతులు వణికి కొంత కింద పోసుకుంటే, వెనకున్న మనిషి తన దాంట్లోంచి కొంచెం ఆయన గ్లాసులో ఒంపాడు. అప్ప తాగకుండా మిగిల్చిన నా సీసాలోంచి నేనూ ఒక గ్లాసు పోశాను. గ్లాసు అడుగున మిగిలిన తడి కూడా దులిపాను.

డ్రమ్ము నిండింది. అంచు దాకా వచ్చి వణుకుతూ నిలబడింది. ఇంకా జనం వస్తూనే ఉన్నారు. పోలమ్మ లోపల్నుంచి బిందె తెచ్చి పక్కన పెట్టింది.

అప్పుడు దాలయ్య లేచి డ్రమ్ము దగ్గరికి వచ్చాడు. చెయ్యి ముంచలేదు. వంగి లోపలికి చూశాడు. అడుగు కనబడుతోంది, అంత తేటగా ఉన్నాయి. తర్వాత వరుసలో నిలబడ్డ వాళ్ళని, వాళ్ళ చేతుల్లో గ్లాసుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. చివరికి నా వైపు తిరిగాడు.

"ఇన్ని నీళ్ళున్నాయేటమ్మా," అన్నాడు.